కబురు మోసేవాళ్లు కావాలి



ఒక పశువైద్యుడి పేరున ఏటా జరిగే ఉపన్యాసం ఇది. ఇక్కడ టీకాల గురించో, మేత గురించో, జాతుల అభివృద్ధి గురించో మాట్లాడటం రివాజు. నేను మాత్రం మాట గురించి మాట్లాడదామని వచ్చాను. గొడ్లకో కోళ్లకో అంటురోగం తగిలి జిల్లా యంత్రాంగం మొత్తం ఉరుకులు పరుగుల మీద ఉన్నప్పుడు రైతుతో ఎవరు మాట్లాడాలి? పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునే ఇల్లాలితో ఎవరు మాట్లాడాలి? ఆ రోజుల్లో మనం ప్రైవేటు పశువైద్యుల్ని సాయానికి పిలుస్తాం. జేసీబీలు అద్దెకు తెస్తాం. కోళ్లను పట్టడానికి కూలీలను పెడతాం. మాట నేర్చినవాళ్లను మాత్రం పిలవం. ప్రకటనలు రాసేవాళ్లు, రేడియోలో టీవీలో పనిచేసినవాళ్లు, పత్రికల జిల్లా డెస్కుల్లో ఏళ్ల తరబడి నలిగినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నా, రోగం వచ్చిన రోజున వాళ్లు బయట నిలబడి చూస్తుంటారు. లేదా కంపెనీల తరఫున పనిచేస్తుంటారు. వాళ్లను సర్కారు పిలుచుకోవాలనీ, రోగం రాకముందే పేర్లు రాసి పెట్టుకోవాలనీ, పశువైద్యుడి చెప్పుచేతల్లో పనిచేయించుకోవాలనీ నా వాదన. ఇందులో అమ్మకం వాసన వస్తోందని మీలో కొందరికి ఇప్పటికే అనిపించి ఉంటుంది. ఆ అనుమానం న్యాయమైనదే. దాని దగ్గరికి వస్తాను.

2025 ఫిబ్రవరి సంగతి తీసుకుందాం. గోదావరి జిల్లాల్లో అంతకుముందు కొన్ని వారాల నుంచే ఫారాల్లో కోళ్లు పెద్ద సంఖ్యలో రాలిపోతున్నాయి. శాంపిళ్లు భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ప్రయోగశాలకు వెళ్లాయి. ఫిబ్రవరి 10న ఫలితం బయటికొచ్చింది. పశ్చిమ గోదావరిలో తణుకు మండలం వేల్పూరు, తూర్పు గోదావరిలో పెరవలి మండలం కానూరు, రెండు చోట్లా హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ. ఆ మీదట జరగాల్సినవన్నీ కేంద్రం కార్యాచరణ ప్రణాళిక ప్రకారమే మొదలయ్యాయి. ఫారం చుట్టూ కిలోమీటరు మేర రెడ్ జోను, పది కిలోమీటర్ల దాకా నిఘా, కోళ్లను చంపి పూడ్చడం, షెడ్లలో మందు కొట్టడం, రాకపోకలు ఆపడం. తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర కోళ్ల లారీలు వెనక్కి తిరిగాయి. రెండు రాష్ట్రాల్లోనూ చికెన్ కొట్లు వెలవెలబోయాయి. ఇదంతా మీకు నాకన్నా బాగా తెలుసు. నేను చూడమంటున్నది ఫలితం రాకముందటి వారాల్ని. చచ్చిన కోళ్లను కాలువ గట్ల మీదా రోడ్ల పక్కనా పారేశారని అప్పట్లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. పారేసినవాళ్లకు లోకజ్ఞానం లేదనుకుంటే పొరపాటు. వాళ్ల లెక్క వాళ్లకుంది. కబురు చేస్తే షెడ్డు మొత్తం ఖాళీ అవుతుంది. బ్యాంకు వాయిదా, మేత బాకీ అలాగే ఉంటాయి. ఊరుకుంటే మిగిలిన కోళ్లనైనా అమ్ముకోవచ్చు. ఆ లెక్కకు ఎదురు లెక్క చెప్పిన మనిషి ఆ వారాల్లో ఆ షెడ్డు దగ్గర లేడు.

ఎదురు లెక్క ఉంది. అది మన నిబంధనల్లోనే ఉంది. బర్డ్ ఫ్లూ వచ్చినచోట సర్కారు చంపించిన కోళ్లకు పరిహారం వస్తుంది. ధ్వంసం చేసిన గుడ్లకూ మేతకూ కూడా వస్తుంది. అంతకుముందే రోగంతో చచ్చిన కోళ్లకు రాదు. అంటే కబురు ఆలస్యమైన ప్రతి రోజూ రైతు జేబుకే చిల్లు. ఈ ఒక్క ముక్క చాలు, ఫోను మోగడానికి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం రోగం అనుమానం వస్తే కబురు చేయడం యజమాని విధి అని చెప్పింది. నిజమే. కానీ చట్టంలోని సెక్షను చూసి ఫోను చేసే రైతు ఎవరూ ఉండరు. నష్టం లాభం చూసి చేస్తాడు, పక్క ఫారం వాడు చేశాడని చేస్తాడు, ఫోనెత్తే డాక్టరు తెలిసినవాడని చేస్తాడు.

ఇప్పుడు మన ప్రకటనలు ఎలా ఉంటాయో చూద్దాం. ఏ ఒక్క ఆఫీసునూ ఉద్దేశించి కాదు, ఆ ధోరణికి మచ్చుగా నేనే ఒక వాక్యం అల్లుతున్నాను: “సదరు గ్రామ పరిధి నందు పక్షులలో అసాధారణ మరణములు సంభవించిన యెడల సంబంధిత పశుసంవర్ధక శాఖాధికారులకు తక్షణమే తెలియపరచవలెననియు, అట్లు తెలియపరచని వారిపై చట్టరీత్యా చర్యలు గైకొనబడుననియు ఇందుమూలముగా తెలియజేయడమైనది.” ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. రైతుకు పనికొచ్చే ముక్క కూడా ఒక్కటీ లేదు. అసాధారణం అంటే ఎన్ని? రోజూ రెండో మూడో చావడం లేయర్ షెడ్డులో మామూలే కదా. ఏ నంబరుకు చెప్పాలి? చెప్పాక ఏమవుతుంది? బెదిరింపు మాత్రం స్పష్టంగా అర్థమైంది. ఇదే సంగతిని మాట తెలిసినవాడి చేతికిస్తే బహుశా ఇలా వస్తుంది: “నిన్న రెండు చచ్చి, ఇవాళ ఇరవై చచ్చాయా? తురాయి నీలంగా మారిందా? మేత ముట్టడం లేదా? చచ్చినవాటిని ముట్టుకోకుండా ఇప్పుడే డాక్టరు గారికి ఫోను చేయండి. బతికున్న కోడికి పరిహారం ఉంది. చచ్చిన కోడికి లేదు.” మైకు ఆటో సందులోంచి పోయేటప్పుడు ఇంటిముందు పది పదిహేను సెకన్లకు మించి వినపడదు. ఆ పదిహేను సెకన్లలో ఏది ముందు చెప్పాలి, ఏది వదిలేయాలి అన్నది ఒక వృత్తి విద్య. రక్తం శాంపిల్ తీయడం ఎలా విద్యో ఇదీ అలాంటిదే. పొద్దున్నుంచి పీపీఈ కిట్టులో చెమటలు కక్కి, సాయంత్రం రిపోర్టులు పంపి, రాత్రి పదింటికి ప్రెస్‌నోటు రాయమంటే ఏ పశువైద్యుడికైనా మొదటి వాక్యమే వస్తుంది, రెండోది రాదు. అది ఆయన తప్పు కాదు.

గోదావరి జిల్లాల్లో ఇంకో చిక్కుంది. పందెం పుంజు. సంక్రాంతి బరిలో దిగే పుంజుకు బాదంపప్పు తినిపించి, ఈత కొట్టించి, నెలల తరబడి సాకుతారు. దాని ధర వేలల్లో ఉంటుంది, పేరున్న పుంజైతే ఇంకా పైకి పోతుంది. పరిహారం పట్టికలో దానికి వేరే గడి లేదు, అక్కడ అది కూడా ఒక కోడే. రెడ్ జోను ప్రకటించాక కోళ్లు పట్టేవాళ్లు వీధిలోకి వస్తుంటే, పెరటి గోడ దూకించి బావమరిది ఊరికి పంపించేయాలని ఎవరికి అనిపించదు? రోగం అలా మోటారు సైకిలెక్కి నిఘా గీత దాటుతుంది. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. కంట్రోల్ రూములో గోడకున్న మ్యాపులో ఉండదు. అందుకే నేను మాటల నిపుణుడు అన్నప్పుడు, లోపలి మాట బయటికి చాటేవాణ్ణి మాత్రమే ఊహించుకోవద్దని మనవి. అతని పనిలో సగానికి పైగా వినడమే. సబ్బు అమ్మే సంస్థ కూడా ప్రకటన రాసేముందు నాలుగు వీధులు తిరిగి ఆడవాళ్లు బట్టలు ఎక్కడ ఉతుకుతున్నారో కనుక్కుంటుంది. రోగం అదుపు చేసేవాళ్లకు ఆ మాత్రం విచారణ చేసి పెట్టే మనిషి లేడు. పుంజుల యజమానులు ఏం చేయబోతున్నారో మొదటి రోజే తెలిస్తే, వాటి పరిహారం గురించి కలెక్టరు ఏదో ఒక నిర్ణయం తీసుకునే వీలుంటుంది. తెలియకపోతే గీతలు గీసుకుంటూ పోవడమే.

మన దేశంలో ఇలా జరగడం కొత్త కాదు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో దేశంలోనే మొదటిసారి ఈ రోగం బయటపడింది. అక్కడున్నవి ఎక్కువగా పెద్ద ఫారాలు. వాటి లెక్క కాగితం మీద ఉంటుంది. 2008 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది మాత్రం పెరటి కోళ్లకు. బీర్‌భూమ్‌లో మొదలై రాష్ట్రంలోని 19 జిల్లాల్లో 13 జిల్లాలకు పాకింది. చంపిన కోళ్లు, బాతులు 40 లక్షలకు అటూ ఇటూ ఉంటాయి. పెరటి కోడి అంటే ఆ ఇంటి ఆడమనిషి చేతి ఖర్చు, చుట్టాలొస్తే కూర, పిల్లవాడి పుస్తకాల డబ్బు. ముసుగులేసుకున్న కొత్త మనుషులు వచ్చి సంచిలో కుక్కుకుపోతామంటే దాచిపెట్టకుండా ఉంటుందా? దాచారు. అమ్ముకున్నారు. కోసుకు తిన్నారు కూడా. శాస్త్రం అప్పటికి తెలిసిందే, మందులూ ఉన్నాయి, సిబ్బందీ దిగారు. గడప దగ్గర జరగాల్సిన సంభాషణ ఒక్కటే లేదు.

ఇది పేద దేశపు సమస్య అనుకునేవాళ్లు బ్రిటన్ వైపు చూడాలి. 2001 ఫిబ్రవరి 20న అక్కడ గాలికుంటు నిర్ధారణ అయింది. ఆ రోగం ఆగేసరికి రెండు వేల పైచిలుకు ఫారాలకు సోకింది. 60 లక్షలకు పైగా పశువులను చంపారు. ప్రభుత్వ ఖజానాకు 300 కోట్ల పౌండ్లు, ప్రైవేటు రంగానికి 500 కోట్ల పౌండ్లు పైబడి నష్టమని ఆ దేశపు ఆడిట్ కార్యాలయం లెక్కగట్టింది. పశువైద్యులు చాలక ప్రైవేటు వాళ్లనూ, విదేశాల వాళ్లనూ తాత్కాలికంగా నియమించుకున్నారు. కళేబరాలు తరలించడానికి సైన్యాన్ని దించారు. మాట విషయంలో మాత్రం వెనకబడ్డారు. ఫలితం మార్చి 15న కనపడింది. కంబ్రియాలో రోగం సోకిన చోట్ల చుట్టూ మూడు కిలోమీటర్ల లోపల ముందుజాగ్రత్తగా పశువులను చంపుతామని మంత్రి ప్రకటించాడు. ఉద్దేశం ప్రధానంగా గొర్రెల గురించి. ప్రకటన విన్న రైతుల్లో చాలామందికి ఆవులన్నిటినీ కూడా చంపుతారని అర్థమైంది. తరాల తరబడి పెంచుకొచ్చిన మందలు పోతాయని జనం మండిపడ్డారు. కాదు, గొర్రెలే అని సర్దిచెప్పేసరికి నమ్మకం చేజారింది. దేశ ప్రధాన పశువైద్యాధికారి స్వయంగా వెళ్లి కోపంతో ఉన్న రైతుల ముందు నిలబడాల్సి వచ్చింది. తర్వాత విచారణ జరిపిన ఇయాన్ ఆండర్సన్ 2002 నివేదికలో సమాచారం అందించడంలో జరిగిన లోపాలకు చాలా చోటే ఇచ్చాడు. ఒక్క జంతువు పేరు ఒక్క వాక్యంలో పడకపోవడం వల్ల వచ్చిన తంటా ఇది. ఏ దినపత్రిక డెస్కు మీది సబ్ ఎడిటరైనా ఆ కాగితం చూడగానే “ఏ పశువులు సార్?” అని అడిగేవాడు.

అదే బ్రిటన్‌లో ఏప్రిల్‌లో ఫీనిక్స్ అనే తెల్ల దూడ కథ నడిచింది. డెవన్‌లో ఒక ఫారంలో మందనంతా చంపేశాక, ఐదు రోజుల తర్వాత తల్లి కళేబరం పక్కన రెండు వారాలైనా నిండని దూడ బతికి కనపడింది. మర్నాటికల్లా దేశమంతా ఆ దూడ ఫోటో. దాన్నీ చంపాల్సిందేనని అధికారులు, వద్దని జనం. ఆ రోజుల్లోనే పొరుగు ఫారాల పశువుల్ని చంపే నిబంధనను ప్రభుత్వం సడలించింది. దూడ బతికింది. దూడ కోసం సడలించలేదని సర్కారు చెప్పింది. రోగం తగ్గుముఖం పట్టింది కాబట్టి అది నిజమే అయి ఉండవచ్చు. ఎంతమంది నమ్మారు? నిర్ణయం ముందు ఉండి, దాన్ని చెప్పడం వెనకబడితే, ఆ సందులోకి ఏదో ఒక దూడ వచ్చి నిలబడుతుంది. ఇదే కాలంలో కంబ్రియాలో పూడ్చివేత పనుల బాధ్యత చూసిన బ్రిగేడియర్ అలెక్స్ బర్ట్‌విజిల్ మీద రైతులకు గురి కుదిరింది. ఆయన పశువైద్యుడు కాడు. ఇవాళ ఏం జరిగింది, రేపు ఏం జరగబోతోంది అన్నది ఉన్నదున్నట్టు చెప్పేవాడు. బయటివాడు వస్తే రైతులు నమ్మరన్న వాదనకు ఆయన ఒక్కడు చాలు జవాబు.

ఇక ముందే మాటిచ్చిన అనుమానం దగ్గరికి వద్దాం. ప్రకటనల వాళ్లను పిలిస్తే వాళ్లు చేసేది పూత పనే కదా? లేనిదాన్ని ఉన్నట్టు, ఉన్నదాన్ని లేనట్టు చెప్పడమే కదా వాళ్ల బతుకు? ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసేయలేను. ఎందుకంటే చరిత్రలో దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. 1990 మేలో బ్రిటన్ వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ టీవీ కెమెరాల ముందు తన చిన్న కూతురికి బీఫ్ బర్గర్ అందించాడు. పిచ్చి ఆవు వ్యాధి వల్ల మనుషులకేమీ కాదని చెప్పడం ఉద్దేశం. 1996 మార్చి 20న అదే ప్రభుత్వం పార్లమెంటులో నిలబడి, ఆ వ్యాధికీ మనుషుల్లో కొత్తగా కనపడిన ప్రాణాంతక మెదడు జబ్బుకూ సంబంధం ఉండి ఉండవచ్చని ఒప్పుకుంది. బ్రిటన్‌లో ఆ జబ్బుతో పోయినవాళ్లు 178 మంది. 2000లో వచ్చిన ఫిలిప్స్ విచారణ నివేదిక జనానికి ధైర్యం చెప్పాలన్న తాపత్రయమే తప్పుదారి పట్టించిందని తేల్చింది. అయితే ఒక్కటి గమనించండి. ఆ బర్గర్ ఆలోచన వెనక ఎవరున్నా, కెమెరా ముందు నిలబడింది మంత్రి, వెనక నిలిచింది శాఖ. అబద్ధం చెప్పడానికి ప్రైవేటు నిపుణుడే అక్కర్లేదు.

మనమూ తక్కువ తినలేదు, ఈ మాట ఇక్కడ అక్షరాలా నిజం. 2020 ఫిబ్రవరి చివర కోడి మాంసంతో కరోనా వస్తుందన్న పుకారు పుట్టినప్పుడు హైదరాబాద్ ట్యాంక్‌బండ్ దగ్గర వేదిక మీద తెలంగాణ మంత్రులు చికెన్ తిని చూపించారు. ఆ సందర్భంలో చెప్పిన విషయం నిజమే, కోడికీ కరోనాకూ సంబంధం లేదు. 2025లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు పౌల్ట్రీ వర్గాలు గుంటూరులో, హైదరాబాద్‌లో చికెన్ మేళాలు పెట్టి ఉచితంగా వడ్డిస్తే జనం ఎగబడ్డారు. ఉడికిన మాంసంలో వైరస్ బతకదు, 70 డిగ్రీల వేడి లోపలిదాకా తగిలితే చాలు. కనుక మేళాలో చెప్పిందీ అబద్ధం కాదు. కానీ అది తినేవాడికి సరిపోయే మాట. కోసేవాడికి, కడిగేవాడికి, పెంచేవాడికి అది సరిపోదు. ఆ మార్చిలోనే పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పసిపాప చనిపోయింది. హెచ్5ఎన్1 అని తర్వాత నిర్ధారించారు. పచ్చి కోడి మాంసం ముక్క నోట్లో పెట్టినట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. “ఉడికించి తింటే ఏమీ కాదు” అన్న వాక్యంలో పచ్చిముక్క గురించిన హెచ్చరిక దాగే ఉంది, తలకిందులుగా. విన్నవాళ్లకు మొదటి సగం తలకెక్కదు, “ఏమీ కాదు” మాత్రం గుర్తుంటుంది. అమ్మకాలు నిలబెట్టాలనుకున్నవాడు ఆ వాక్యంతో తృప్తి పడతాడు. రోగాన్ని ఆపాలనుకున్నవాడు పచ్చి మాంసాన్ని పిల్లల చేతికందనీయొద్దు, కోసిన కత్తీ పీటా సబ్బుతో కడగండి అని ఇంకో రెండు వాక్యాలు కలుపుతాడు. నైపుణ్యం ఇద్దరిదీ ఒకటే. జీతమిచ్చేది ఎవరన్నదే తేడా. కాబట్టి పూత పని గురించిన ఆక్షేపణకు నా జవాబు ఇది: ఆ నిపుణులు ఎలాగూ రంగంలో ఉంటారు, ఇప్పుడు ఒక పక్షానే ఉంటున్నారు. ప్రజల పక్షాన కూడా కొందరు ఉండాలంటున్నాను.

ప్రకటనల విద్య ఎంత దూరం పోగలదో మన కోళ్ల పరిశ్రమే చూపించింది. 1982లో తెలుగువాడైన బి.వి. రావు చొరవతో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడింది. వారంలో ఏ రోజైనా గుడ్డు తినొచ్చని హిందీ రాష్ట్రాల ఇళ్లలోకి సైతం దూసుకుపోయిన ఆ సంఘం టీవీ ప్రకటన ఒక తరానికి కంఠతా వచ్చు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్ ఆ ప్రచారం వల్ల బాగుపడిన రాష్ట్రాల్లో ఒకటి. సంతోషమే. అయితే అమ్మకం రోజుల్లో గుడ్డు గురించి అంత బాగా మాట్లాడగలిగిన భాష, రోగం వచ్చిన రోజున “సదరు గ్రామ పరిధి నందు” అని నంగి నంగిగా ఎందుకు మాట్లాడుతోంది?

ప్రజారోగ్యంలో ఈ ప్రయోగం మన దేశంలో ఒకసారి పెద్ద ఎత్తున జరిగింది. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులు, అందులో నాలుగింట మూడు వంతులకు పైగా ఉత్తరప్రదేశ్‌లోనే. చుక్కల మందు ఉంది, వేసేవాళ్లున్నారు, తలుపులు తెరుచుకోలేదు. మందులో ఏదో కుట్ర ఉందన్న పుకారు కొన్ని వీధుల్లో గట్టిగా ఉండేది. ఓగిల్వీ సంస్థకు చెందిన పీయూష్ పాండే అమితాబ్ బచ్చన్‌తో చేసిన ప్రకటనలు అందరికీ గుర్తే. బతిమాలే ధోరణి వదిలి, బిడ్డకు చుక్కలు వేయించనివాళ్లను బచ్చన్ కోపంగా మందలించే ప్రకటన తీశారు. ఆయనకు కోపం వచ్చిందని తల్లులు బూత్‌లకు వచ్చారని పాండే చెప్పుకునేవాడు. కానీ ప్రకటన ఒక్కటే పని చేసిందనుకోవద్దు. యునిసెఫ్ తోడ్పాటుతో అదే వీధికి చెందిన ఆడవాళ్లు వేల మంది ఇంటింటికీ తిరిగారు. ఏ ఇల్లు వద్దంది, ఎందుకు వద్దంది అని రాసుకొచ్చారు. మసీదు పెద్దలతో మాట్లాడించారు. 2011 జనవరిలో హౌరాలో చివరి కేసు నమోదైంది. 2014 మార్చిలో మన దేశం పోలియో రహితమని ప్రకటించారు. పై నుంచి నిపుణుడి మాట, కింద నుంచి ఇంటి పేరు తెలిసిన మనిషి, మధ్యలో వినిపించుకునే వైద్యుడు. ఈ మూడింటి కూర్పే నేను పశువ్యాధులకు అడుగుతున్నది. గోపాలమిత్రలు, పశుసఖులు ఇప్పటికే ఊళ్లలో ఉన్నారు గనక మన పని సగం తేలిక.

సమాచార పౌరసంబంధాల శాఖ ఉండగా వేరే వాళ్లెందుకు అని ఇంకొకరు అడుగుతారు. ఆ శాఖ ఉద్యోగులు సమర్థులే. వాళ్ల రోజువారీ పని ప్రభుత్వం చేసింది చెప్పడం. మంత్రిగారి పర్యటన, పథకం ప్రారంభం, ఫోటో. రోగం వచ్చినప్పుడు కావలసింది ప్రభుత్వానికి తెలియనిది కూడా ఒప్పుకోగల గొంతు. “ఎలా వచ్చిందో ఇంకా తేలలేదు, శుక్రవారానికి చెబుతాం” అనే వాక్యం ఆ శాఖ నోట రావడం అరుదు. పైగా రోగం వారాంతం చూసుకుని రాదు. జిల్లాలో ఉన్న ఒకరిద్దరు అధికారులకు అదే వారం ముఖ్యమంత్రి సభ కూడా ఉండొచ్చు. అమెరికాలో విపత్తులకు వాడే కమాండ్ పద్ధతిలో ప్రజా సమాచార అధికారి నేరుగా మొత్తం పనిని నడిపించే అధికారి పక్కనే కూర్చుంటాడు. 2014-15లో అక్కడ ఐదు కోట్ల కోళ్లూ టర్కీలూ పోయిన బర్డ్ ఫ్లూ సమయంలోనూ ఈ పద్ధతే నడిచింది. మన దగ్గర పశువ్యాధుల పనిలో ఆ కుర్చీ కనపడదు. కుర్చీ వేసి, దాని వెనక పనిచేసే నలుగురైదుగురిని బయటి నుంచి తెచ్చుకోమంటున్నాను. శాఖను పక్కన పెట్టమని కాదు.

పేరు పెట్టడం కూడా పెద్ద పనే. 2009లో వచ్చిన కొత్త ఫ్లూను లోకమంతా స్వైన్ ఫ్లూ అంది. పంది మాంసం తింటే వస్తుందన్న భయం పాకింది. ఏప్రిల్ చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పేరు మార్చేసరికే ఈజిప్టు ప్రభుత్వం తన దేశంలోని దాదాపు మూడు లక్షల పందులను చంపమని ఆదేశించింది. అప్పటికి అక్కడ ఒక్క కేసూ లేదు. ఆ పందులను పెంచేది ఎక్కువగా కైరో చెత్త ఎత్తే క్రైస్తవ కుటుంబాలు. చెత్తలోని తిండి పదార్థాలను తినేవి ఆ పందులే. అవి పోయాక నగరం వీధుల్లో చెత్త గుట్టలు పేరుకున్నాయి. జవాబు ఆలస్యమైనా ఇదే తంతు. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లతో సహా దేశంలో ముద్దచర్మ వ్యాధి లక్షన్నరకు పైగా పశువులను బలి తీసుకున్నప్పుడు, అది మనుషులకు రాని జబ్బైనా, పాలు తాగొచ్చా వద్దా అని దేశమంతా వాట్సాప్‌లో చర్చ నడిచింది. పుకారు గంటలో తిరిగింది, వివరణ రోజుల తర్వాత వచ్చింది.

మరి ఆచరణ? ఖర్చు గురించి ఎక్కువ మాట్లాడను. పూడ్చివేతకు తవ్వే గోతుల ఖర్చు ముందు ఇది లెక్కలోకి రాదు. కష్టమంతా షరతుల దగ్గరే. జాబితాలో పేరున్నవాళ్లు ఆ రోగం నడిచినన్నాళ్లూ, ఆ తర్వాత కొంతకాలం కూడా కోళ్ల కంపెనీలకు, మేత కంపెనీలకు, మందుల కంపెనీలకు పని చేయకూడదు. ముందు రాతపూర్వకంగా ఒప్పుకున్నవాళ్లకే చోటు. వాళ్లు రాసిన ప్రతి మాటలో రోగానికి సంబంధించిన నిజానిజాలకు పశువైద్యుడిదే చివరి సంతకం. మాట తీరు విషయంలో మాత్రం ఆయన చెయ్యి పెట్టకూడదు. ఈ రెండో ముక్క మీకు రుచించకపోవచ్చు. వాళ్లు షెడ్లలోకి అడుగు పెట్టకూడదు. ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి చెప్పుల మీద, కారు టైర్ల మీద రోగం మోసుకుపోయే ప్రమాదం కెమెరా పట్టుకున్నవాడితోనే ఎక్కువ. ఏటా రెండు రోజులు శిక్షణ, ఒక ఉత్తుత్తి అభ్యాసం. అందులో ఫోనెత్తడం కూడా నేర్పాలి. భయపడ్డ రైతు మొదటి నిమిషంలో చెప్పేది రోగం గురించి ఉండదు, అప్పు గురించి ఉంటుంది. అది వినకుండా లక్షణాల జాబితా అడిగితే ఫోను పెట్టేస్తాడు. రోజూ సాయంత్రం వాళ్లు జిల్లా పశుసంవర్ధక శాఖ జేడీ గారికి ఇచ్చే కాగితంలో ఇవాళ మేం ఏం చెప్పాం అన్నది ఒక వంతు, ఊరు ఏమంటోంది అన్నది మూడు వంతులు ఉండాలి. నేను ఈ పథకాన్ని కొలిచే కొలబద్ద కూడా పత్రికల్లో ఎన్ని వార్తలు వచ్చాయన్నది కాదు. మొదటి కోడి చచ్చిన గంటకూ మొదటి ఫోను మోగిన గంటకూ మధ్య ఎంత తగ్గిందన్నదే.

ఎవరిని పిలవాలి అన్నదగ్గర మనకు కరువేమీ లేదు. 1969లో మొదలైన అన్నదాత పత్రిక రైతు భాషలో శాస్త్రం చెప్పొచ్చని చూపించింది. ఆకాశవాణి రైతు కార్యక్రమాల్లో పనిచేసి రిటైరైనవాళ్లు ఉన్నారు. పత్రికల జిల్లా అనుబంధాలు చిక్కిపోయాక ఊరి పేర్లన్నీ కంఠస్థంగా ఉన్న విలేకరులు చాలామంది ఖాళీగా ఉన్నారు. విత్తనాల కంపెనీల ప్రచార వ్యాన్ల వెంట తిరిగి ఏ రచ్చబండ దగ్గర ఎప్పుడు జనం ఉంటారో తెలుసుకున్న కుర్రాళ్లున్నారు. హైదరాబాద్ ఏజెన్సీల్లో కూర్చుని నగల దుకాణాలకు పంక్తులు రాసేవాళ్లలో గోదావరి యాస మర్చిపోనివాళ్లు ఉన్నారు. బుర్రకథ దళాలు ఇంకా ఉన్నాయి. వీళ్లందరికన్నా ముందు రాయాల్సిన పేరు మండలంలో మైకు ఆటో తిప్పేవాడిది. మున్సిపాలిటీ పన్ను గడువు నుంచి సినిమా విడుదల దాకా ఆ ఊరు ఇన్నేళ్లుగా విన్నది అతని గొంతే. కొల్లేరుకూ పులికాట్‌కూ వలస పక్షులు అక్టోబరు నుంచి దిగుతాయి, సంక్రాంతి బరులు జనవరిలో లేస్తాయి. జాబితా సెప్టెంబరులోగా తయారు కావాలి, అతని ఫోను నంబరుతో సహా.